ఆరువేల స్పీడు, సండూరు ఎండ

మా గల్లీలో ఎవరికీ రిటైర్‌మెంట్ ఉత్తర్వులు రావు. చేతిలోంచి స్క్రూ జారి, జారిన స్క్రూ కంటికి ఆనడం మానేసిన రోజు మనమే అర్థం చేసుకుని ఇంటికి పోవాలి. నేను అట్లా ఇంటికొచ్చినవాణ్ణి. బళ్ళారి కౌల్ బజార్‌లో కంప్యూటర్లు బిగించే పనిలో నా ఉద్యోగం గడిచింది. అంతకుముందు టీవీలు, దానికి ముందు రేడియోలు. సరుకు మారుతూ వచ్చింది, కస్టమర్ల తిట్లు మాత్రం అవే. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అది నన్ను వదిలిందో నేను దాన్ని వదిలానో ఇద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు దారిలో కనపడితే నన్ను ఒకటే అడుగుతారు. గేమింగ్ మిషన్‌కు ఏ ర్యామ్ వేయాలి, దాన్ని ఎంతవరకు గుంజొచ్చు అని. ఒక్క మాటలో చెప్పే విషయమైతే ఎప్పుడో గోడ మీద రాసిపెట్టి వచ్చేవాణ్ణి. అట్లా రాదు కాబట్టి సండూరు అమ్మాయి సంగతి చెబుతాను. సమాధానం అందులోనే ఎక్కడో ఉంది, ఏరుకోండి.

మా షాపులో ముగ్గురం. యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయనకు కంప్యూటర్ గురించి తెలిసింది రెండే: ఏసీ లేని షాపులోకి మంచి కస్టమర్ రాడు, లైట్లు వెలగని వస్తువు అమ్ముడుపోదు. ఈ రెండింటితోనే ఆయన షాపు నడిపాడు, బాగానే నడిపాడు. రెండోవాడు నాకన్నా చాలా చిన్నవాడు, హొసపేట నుంచి డిప్లొమా చదివి వచ్చాడు. మేం వాణ్ణి డిప్లొమా అనే పిలిచేవాళ్ళం. మాట్లాడితే సగం కన్నడం, సగం ఇంగ్లీషు, మిగిలింది చేతులు ఊపడం. ఏ మిషన్ చేతికిచ్చినా కంపెనీ చెప్పినదానికన్నా వేగంగా పరిగెత్తించకపోతే వాడికి అన్నం దిగదు. దానికే ఓవర్‌క్లాకింగ్ అని పేరు. నేను మూడోవాణ్ణి. పని చేస్తూ వాళ్ళిద్దరినీ ఏడిపించడం నా బాధ్యత.

ఒక వేసవిలో సండూరు నుంచి తండ్రీకూతుళ్ళు వచ్చారు. ఆయన హైస్కూల్లో డ్రిల్ మాస్టరు, అక్కడి తెలుగు చర్చిలో సంఘపెద్ద. నిటారుగా నిలబడితే మన వెన్నెముక మనకు గుర్తొచ్చే మనిషి. కూతురు డిగ్రీ ముగించింది. కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడుతుంది. ఆటంటే పొద్దుపోక ఆడేది కాదు, జట్టు కట్టి పోటీలకు పోయే ఆట. బెంగళూరులో ఒక జట్టు వాళ్ళు ఆమెను ఇప్పటికే రెండుసార్లు పరీక్షించారట. ఆఖరి పరీక్ష ఒక ఆదివారం పొద్దున, ఇంట్లోంచే ఆడాలి. గెలిచి చూపిస్తే జీతమిచ్చి తీసుకుంటారు. ఆట మధ్యలో మిషన్ ఆగితే మిగతావాళ్ళు ఆగరు, అంతటితో ఆమె కథ అయిపోయినట్టే. పాత మిషన్ ఇట్లా నమ్మించి ఆగేదే, అందుకే కొత్తది. జట్టు తీసుకోకపోతే జూన్‌లో బీఎడ్‌లో చేరాలి. ఆ సీటు మాస్టారు ముందే మాట్లాడి పెట్టేశాడు.

"ఒక్క అవకాశం ఇచ్చినానప్పా," అన్నాడాయన నాతో, అమ్మాయి వింటుండగానే. "ఒక్కటే. మళ్ళ కరెంటు పోయింది, మిషన్ కెట్టుపోయింది అని నా దగ్గరకి రాకూడదు."

అమ్మాయి నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: "అంకుల్, ర్యామ్ రెండు స్టిక్కులా, నాలుగా? లోపల చిప్పులు ఎవరివి?"

అప్పుడు తెలిసింది, ఈ పిల్ల చదువుకునే వచ్చిందని.

భాయ్ వెంటనే ఇంద్రధనుస్సు లైట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఏ దేఖో బేటీ, నంబర్ వన్. రాత్రి రూములో లైటే వద్దు."

"భాయ్, పిల్ల ఆట ఆడాల్నా, ఉరుసు చేయాల్నా?" అన్నాను.

డిప్లొమా ఇంకో డబ్బా తెచ్చాడు. దాని మీద అన్నిటికన్నా పెద్ద నంబరు. "ఇదు నోడి అణ్ణా, ఏడువేలకి పైన ఉండాది."

"నంబరు డబ్బాకుండాది, మన బోర్డుకి ఉండాది యాడ?"

ఇక్కడ మాత్రం కొంచెం పాఠం చెబుతాను, ఓపిక పట్టండి. ర్యామ్ కొనేటప్పుడు పెద్ద నంబరు ఒక్కటే చూడొద్దు, దాని పక్కన చిన్న నంబరు ఒకటి ఉంటుంది. అడిగింది ఎంత ఆలస్యంగా అందిస్తుందో చెప్పే నంబరు అది. అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఇవన్నీ కూర్చునే బోర్డు చేసిన కంపెనీవాళ్ళు దానికి ఏ స్టిక్కులు పడతాయో రాసి ఉంటారు, అందులో చూసుకోవాలి. ఇప్పటి మిషన్లలో రెండు స్టిక్కులు పరిగెత్తినంత నాలుగు పరిగెత్తవు. చివరిది, జత జతగా డబ్బాలో వచ్చినవే వేయాలి, చెరొక డబ్బాలోంచి తీసి పెళ్ళి చేయకూడదు.

మాస్టారికి ఇదేమీ నచ్చలేదు. బోర్డు వైపు వేలు చూపించాడు. "నాలుగు సందులుండాయి గదా. రెండు ఖాళీగా పెట్టేదేంది? నింపేయప్పా, మళ్ళ మళ్ళ వచ్చేదెవరు?"

"సార్, మీ స్కూలు గ్రౌండ్‌లో జాగా ఉండాదని రిలే పందానికి ఎనిమిది మందిని దించుతారా?"

ఆయన నవ్వలేదు గాని ఇంకోసారి అడగలేదు. ఆఖరికి లైట్లు లేని, నల్లటి, పొట్టి స్టిక్కుల జత ఒకటి ఎంచాం. ఆరువేల స్పీడు, చిన్న నంబరు బాగా తక్కువ, అమ్మాయి అడిగిన చిప్పులే. భాయ్ ముఖం చీకటైంది. డిప్లొమా ముఖం వెలిగింది, ఎందుకంటే ఆ చిప్పులను గుంజొచ్చని వాడికి తెలుసు. అమ్మాయికీ తెలుసు. వాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టి ఏదో మాట్లాడుకున్నారు. మరునాటికి మిషన్ ఆరువేల నాలుగువందల మీద పరిగెత్తుతోంది. షాపులో రోజంతా పరీక్ష పెట్టాం, ఒక్క తప్పు లేదు. మిషన్ తీసుకుపోవడానికి వచ్చిన అమ్మాయి చప్పట్లు కొట్టింది. భాయ్ అందరికీ చెప్పే మాటే మాస్టారికీ చెప్పి పంపాడు: "సార్, దుమ్ము పడనీకండి. దుమ్ము పడితే ఖతమ్."

పోటీకి ముందు శుక్రవారం అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు, ఏడుపును మడిచి లోపల పెట్టుకున్న శబ్దం ఉంది.

"అంకుల్, మధ్యలో ఆగిపోతాంది. నీలం తెర వస్తాంది. పొద్దున బాగుంటాది, మధ్యాన్నం ఆగుతాది. నాన్నకి ఇంకా చెప్పలే."

శనివారం పొద్దున్నే సండూరు బస్సెక్కాను. ముందు ఇనుప ఖనిజం లారీ, వెనక ఖనిజం లారీ, మధ్యలో మా బస్సు. దిగేటప్పటికి నా తెల్ల చొక్కా మట్టి కుండ రంగులో ఉంది. అక్కడ ఇళ్ళ గోడలూ, చెట్ల ఆకులూ, కుక్కలూ అన్నీ ఒకే రంగు. దేవుడు సండూరుకు ఒకే డబ్బా రంగు ఇచ్చినట్టుంది.

ఇంటి తలుపు తల్లి తీసింది. మాస్టారు చర్చి పనిమీద పొద్దున్నే బయటికి పోయాడట. "వందనాలన్నా, రాండి, కూచోండి," అని లోపలికి పోయి, నేను చెప్పులు విడిచేలోపు గదిలో ఏదో సర్దేసి వచ్చింది. ఇంట్లో ప్రతి వస్తువుకూ తెల్ల దారంతో అల్లిన కవరు ఉంది. టీవీకి, మిక్సీకి, నీళ్ళ ఫిల్టరుకు, గోడ మీది బైబిలు పలకకు కూడా అంచు. మిషనరీల స్కూల్లో వాళ్ళ అవ్వ నేర్చిన అల్లికట, అమ్మకు వచ్చి, ఆమె నుంచి ఈమెకు వచ్చింది. చాలా సన్నటి పని. చూస్తే నాక్కూడా ఒకటి అల్లుతుందేమోనని కొంచెం దూరంగా కూర్చున్నాను.

మిషన్ ఆన్ చేశాం. పరీక్ష నడిపాం. గంటలు గడిచాయి. మధ్యాహ్నమైంది, కిటికీ బయట ఎండ పెనంలా కాలుతోంది, మిషన్ మాత్రం ఆగనే లేదు. పంటి నొప్పి డాక్టరును చూడగానే పోయినట్టు, ఏ మిషనైనా మెకానిక్ ముందు బుద్ధిమంతురాలే. అమ్మాయి ముఖం ఎర్రబడింది.

"నిజంగా ఆగింది అంకుల్. నేను అబద్ధం చెప్తానా?"

"నువ్వు చెప్పవులే పాపా, అది చెప్తాంది."

అన్నం పెట్టారు, తిన్నాను. తీగలన్నీ చూశాను, స్టిక్కులు తీసి మళ్ళీ పెట్టాను. ఏమీ దొరకలేదు. చేసేదిలేక సంచి సర్దుకుని లేచాను. నేను గుమ్మం దాకా వచ్చానో లేదో, తల్లి బీరువాలోంచి ఒక పెద్ద తెల్లటి అల్లిక కవరు తీసింది. నడుస్తున్న మిషన్ మీద పైనుంచి కిందిదాకా తొడిగి, మూలలు సరిచేసి, ముందు వైపు అల్లిన గులాబీ పువ్వు మధ్యకు వచ్చేలా ప్రేమగా లాగింది.

నేను అక్కడే ఆగిపోయాను. "అక్కా, అదేంది?"

"దుమ్ము పడకూడదని మీ షాపాయనే చెప్పినాడు గదన్నా. శానా దినాలు కూచుని అల్లినా."

"పొద్దున్నించి లేదు గదా?"

ఆమె సిగ్గుపడింది. "పెద్దోళ్ళు ఇంటికి వచ్చినప్పుడు ముసుగేసి చూపిస్తామా అన్నా? మీరు వస్తాండారని తీసి దాచినా."

మర్యాద ఎంత గొప్పదంటే, జబ్బును కూడా చుట్టానికి కనపడకుండా దాచింది. నేను మళ్ళీ కూర్చున్నాను. కవరు ఉంచే పరీక్ష నడిపించాను. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు నీలం తెర వచ్చింది. కవరెత్తి, మిషన్ పక్క తలుపు తీసి, స్టిక్కు మీద వేలు పెట్టి, పెట్టినంత తొందరగా తీశాను. డిప్లొమాకు ఫోన్ చేశాను.

"ఏమప్పా డిప్లొమా, ఈడ మిషన్‌కి జ్వరమొచ్చింది."

"ఎష్టు అణ్ణా?"

"ఇడ్లీ పాత్ర తీరు ఉండాది."

"రూములో ఏసీ వేయమనండి."

"ఏసీనా? ఈడ ఫ్యానే తప్పు చేసినోని తీరు తిరుగుతాండాది."

వాడు గొంతు తగ్గించి అన్నాడు: "అణ్ణా, స్పీడుకని నేను రిఫ్రెష్ దూరం పెట్టినా. మన షాపులో ఏసీ ఉండాది గదా. సండూరు అని ఆలోచన చేయలే."

ఆ మాట మీకు విప్పి చెప్పాలి. ర్యామ్ చాలా చురుకైన మతిమరుపు మనిషి. ఏదడిగినా క్షణంలో అందిస్తుంది, కాని దానికి మాటిమాటికీ గుర్తుచేస్తూ ఉండకపోతే ఉన్నదంతా మరిచిపోతుంది. ఆ గుర్తుచేయడమే రిఫ్రెష్, అది జరిగేటప్పుడు ర్యామ్ వేరే పని చేయలేదు. అందుకని వేగం పిచ్చి ఉన్నవాళ్ళు గుర్తుచేయడం తగ్గిస్తారు. చల్లగా ఉన్నంతసేపు నడుస్తుంది. వేడెక్కితే మరపు తొందరగా వస్తుంది. డిప్లొమా చేసింది తప్పు పని కాదు, చల్లటి ఊళ్ళో చేయాల్సిన పని. తల్లి చేసిందీ అంతే.

కవరు తీసేయమంటే తల్లి కళ్ళు కిటికీ వైపు పోయాయి. కిటికీ మూస్తే గది కొలిమి అవుతుంది. తెరిస్తే ఎర్ర దుమ్ము, అందులో సగం ఇనుమే. పాత మిషన్‌ను చంపింది ఆ దుమ్మే. ఆట నడిచేటప్పుడు బొమ్మలు గీసే పెద్ద కార్డు కూడా కాగుతుంది, కాబట్టి కవరు ఉన్నా లేకున్నా స్పీడు తగ్గించక తప్పదని నేను చెప్పేసరికి అమ్మాయి లేచి నిలబడింది.

"తగ్గిస్తే నేనెట్ల ఆడాల అంకుల్? వాళ్ళందరికీ ఏసీ రూములు, పెద్ద పెద్ద మిషన్లు. నాకుండేది ఈ స్పీడొక్కటే."

"ఆగిపోయిన మిషన్ స్పీడెంతో తెల్సా పాపా? సున్నా. ఏ చిప్పుకైనా అంతే."

"మీకు తెలీదు. ఆడేటప్పుడు చేతికి తెలుస్తాది తేడా."

ఆమె మాటను నేను కొట్టేయలేదు. ఆడేది ఆమె, నేను కాదు. కాని నాకు ఒక చిలిపి ఆలోచన వచ్చింది. "సరే, నువ్వు బయటికి పో. నేనొక స్పీడు పెడతా. వచ్చి ఆడు, ఏది పెట్టినానో చెప్పు. సరిగ్గా చెప్తే నీ ఆరువేల నాలుగొందలే ఉంచుతా."

ఆమె వసారాలోకి పోయింది. నేను సెట్టింగు మార్చి పిలిచాను. కవరు లేకుండా, పక్క తలుపు తెరిచి ఆడింది. తల్లి గరిటె పట్టుకుని తీర్పరిలా నిలబడింది.

"ఇదీ!" అంది అమ్మాయి కాసేపటికే. "ఇది నాది. చూడండి, ఎట్ల తిరుగుతాందో. ఇది ఆరువేల నాలుగొందలు."

మళ్ళీ బయటికి పంపి, మళ్ళీ మార్చి పిలిచాను. ఈసారి మూతి ముడిచింది. "ఇది తగ్గించినారు. చెయ్యి బరువుగా ఉండాది. మీరే చూడండి, గురి పోతాండాది."

"తల్లీ," అన్నాను, "నీ చెయ్యి బరువుగా ఉండేది ఆరువేల నాలుగొందలు. ఎట్లెట్లో తిరిగిందన్నావే, అది ఉట్టి ఆరువేలు."

కొంచెంసేపు నన్నే చూసింది. తెర చూసింది. తర్వాత పకపకా నవ్వేసింది. తల్లికి ఏమీ అర్థం కాకపోయినా కూతురు నవ్విందని తనూ నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడిందని ఆ నవ్వు తీరే చెప్పింది.

"పెట్టేయండి అంకుల్," అంది అమ్మాయి. "ఆరువేలే పెట్టేయండి."

పెట్టాను. రిఫ్రెష్ కూడా కంపెనీ చెప్పిన చోటికి తెచ్చాను. తేడా అసలే ఉండదని నేను అనడం లేదు. కొలిచే సాధనాలకు ఉంటుంది. మనిషికి ముందు మిషన్ ఆగదన్న ధైర్యం ఉండాలి, ఆ తర్వాతే మిగతా లెక్కలు.

"రేపొక్క పూట వచ్చి ఉండన్నా," అని తల్లి అడిగింది. ఆదివారం పొద్దున మళ్ళీ అదే బస్సు, అవే లారీలు. మాస్టారు ఇస్త్రీ బట్టల్లో చర్చికి బయలుదేరుతున్నాడు. కూతురు ఆరాధన మానడం ఆయన చూడటం అదే మొదటిసారి. భార్య కూడా ఉండిపోతానంటే ఒక్కడే నడిచిపోయాడు.

ఆట మొదలయ్యే ముందు తల్లి ఆ తెల్ల కవరు తెచ్చింది. ఆపడానికి లేచాను. ఆమె దాన్ని మిషన్ దగ్గరికి తీసుకుపోలేదు. రెండు మడతలు పెట్టి, కిటికీ చువ్వలకు దారంతో కట్టేసింది. గాలి వస్తోంది, దుమ్ము దాంట్లో చిక్కుకుంటోంది. లారీల రద్దీ పెరిగేకొద్దీ అల్లిన గులాబీ ఎర్రబడుతూ వచ్చింది. ఆమె దాని వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకుంది.

అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వేరే మనిషి అయిపోయింది. నాకు ఆట అర్థం కాదు. నేను చూసింది స్టిక్కుల వేడి చూపించే చిన్న అంకె ఒక్కటే. ఎండ ఎక్కింది, అంకె ఎక్కింది, కొంత దూరం పోయి నిలబడింది. మిషన్ ఆగలేదు. మొదటి ఆట గెలిచారు. రెండోది గెలిచారు. మూడోదానిలో ఆమె వరసగా గురి తప్పింది, జట్టు ఓడింది.

అప్పటికి మాస్టారు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాన్న వినాలని అమ్మాయి స్పీకర్ పెట్టింది. బెంగళూరు ఆయన ఇంగ్లీషులో మాట్లాడాడు, నాకు అందినంత చెబుతాను. రెండు ఆటలు చాలా బాగా ఆడావు, మూడోదానిలో ఏమైంది, మిషన్ నత్తిగా నడిచిందా, అట్లయితే చెప్పు, వచ్చే వారం ఇంకొక ఆట పెడతాం అన్నాడు.

ఇంతకన్నా మంచి తలుపు ఎవరు తెరుస్తారు? నేను ఆమె ఎదురుగా నిలబడి రెండు చేతులతో సైగ చేశాను. అవునని చెప్పు, ర్యామ్ అని చెప్పు, నా మీద వేసేయ్. నా పేరు బెంగళూరులో పాడైతే ఏం, అక్కడ నాకు పేరే లేదు. తల్లి కూడా తలూపింది.

అమ్మాయి నన్ను చూసింది. మైకు దగ్గరకు లాక్కుంది. "మిషన్ చక్కగా ఉంది సార్. నేనే తొందరపడ్డాను," అంది.

"సరే, తెలియజేస్తాం," అన్నాడాయన. అంతే.

నేను సంచి సర్దుకున్నాను. బస్టాండు దాకా వస్తానని మాస్టారు నాతో బయలుదేరాడు. ఆ ఎండలో ఆయన నడక గ్రౌండ్‌లో నడిచినట్టే ఉంది. చాలా దూరం పోయాక నోరు విప్పాడు.

"గ్రౌండ్‌లో శానా మంది పిల్లోళ్ళని చూసినానప్పా. ఓడిపోయినోడు బూట్లు సరిగ్గా లేవంటాడు. ఇంకొకడు గీత వంకర అంటాడు. ఇంకొకడు నా విజిల్ మీద చెప్తాడు. నేనే తొందరపడినా అన్నోణ్ణి మాత్రం ఇంతవరకు... ఊఁ."

బస్సు దూరంగా మలుపు తిరుగుతుండగా నా వైపు తిరిగాడు.

"ఒక సంగతి చెప్పప్పా. ఆ మిషన్‌ని బెంగళూరుకి తీసకపోవాలంటే లోపలివి ఏవేవి తీయాల? ఆ రెండు ర్యామ్ పట్టీలు తీయాల్నా?"

"సార్, వాళ్ళింకా ఏం చెప్పలేదు గదా."

"వాళ్ళు చెప్పకుంటే ఇంకొకరు చెప్తారు. నువ్వు నేనడిగింది చెప్పు."

వాళ్ళు మరుసటి వారం చెప్పారు, రమ్మన్నారు. ఆ రోజు మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. నేను దుమ్ములో నిలబడి, పరీక్ష రాస్తున్న పిల్లవాడిలా జాగ్రత్తగా చెప్పాను. పట్టీలు తీయక్కరలేదు, గట్టిగా పట్టుకుని ఉంటాయి. పెద్ద బరువుగా ఉండే కార్డు మాత్రం విప్పి వేరే డబ్బాలో పెట్టాలి. మిషన్‌ను పడుకోబెట్టాలి, బస్సు పైన వేయకూడదు, కాళ్ళ దగ్గర కూడా వద్దు.

"మరి యాడ పెట్టాల?"

"పక్క సీట్లో సార్. దానికొక టికెట్ తీసుకోండి."

"తీసుకుంటా," అన్నాడు మాస్టారు, నవ్వకుండానే.